ఖాలా చెప్పిన ఇటాలియన్

శుక్రవారం పొద్దున పక్కింటి కోడలు మా గేటు పట్టుకొని నిలబడింది. "అక్కా, అత్తమ్మ పోయింది. నమాజుకు లేపుదామని పోతే లేస్తలేదు" అంది. ఆ అత్తమ్మే మా సుబేదారి గల్లీ మొత్తానికి ఖాలా, అంటే పిన్ని. నాకు ఇటాలియన్ నేర్పిన మనిషి.

చాలా ఏళ్లు ఇటలీలో ఒక ముసలావిడను చూసుకుంటూ బతికి, మోకాళ్లు మొరాయించాక వరంగల్‌కు తిరిగొచ్చింది. నేను నర్సును. మా ఆయన ఇప్పుడు అక్కడే పని చేస్తున్నాడు. భాష పరీక్ష గట్టెక్కితేనే నాకు అక్కడ కొలువు, కొలువు దొరికితేనే ఇద్దరం ఒకచోట ఉండేది. ఆ సంగతి చెప్పగానే ఖాలా తన ముందున్న చిక్కుడుకాయల్లో సగం నా ఒళ్లో పోసి, "ఈనెలు తీసుకుంట నేర్చుకో" అంది.

గ్రామర్ అన్న మాటే ఎత్తేది కాదు. గిన్నె మాడితే ఒక వాక్యం, కరెంటు పోతే ఒక వాక్యం. "మి ప్యాచె ఇల్ తే" అన్నది తలకెక్కక నేను ఇంగ్లీషులో వెతుక్కుంటుంటే విసుక్కునేది. "ఆ ఇంగ్లీషు జర పక్కకు పెట్టు బిడ్డా. నాకు చాయ్ ఇష్టం అంటం గద మనం? వాళ్లూ గట్లనే, 'నాకు' అనే మొదలువెడ్తరు. తెలుగులకెళ్లి పో, దగ్గరైతది." నిజంగానే దగ్గరైంది. అంతకుముందు పుస్తకంతో నెలల తరబడి కుస్తీ పట్టి ఏడ్చినదాన్ని.

ఒకరోజు మా ఆయన mi manchi అని మెసేజ్ పెట్టాడు. మనవాళ్లు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టినట్టే అనుకొని "మీ మంచి" అని చదివాను. ఖాలా దగ్గరికి పరుగెత్తి, "సగమే రాసిండు ఖాలా. మీ మంచి కోసమనా, మీ మంచితనమనా? అయినా నన్ను మీరు అనుడేంది కొత్తగ?" అని అడిగాను.

ఖాలా కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. "మంచి కాదే పిచ్చిదానా, 'మి మంకి' అని చదవాలె. నువ్వు లేక నాకు వెలితిగున్నది అంటాండు నీ మొగడు." నవ్వు ఆగాక కొంగుతో కళ్లు తుడుచుకుంది. "అక్కడున్నన్ని దినాలు వరంగల్‌ను తలుసుకొని ఈ మాట అనుకున్న. ఇక్కడికొచ్చినంక ఆ ముసలామెను తలుసుకొని అనుకుంటాన. ఎక్కడున్నా గీ ఒక్క మాట తప్పలే నాకు" అంది.

ఆ గొంతు మళ్లీ వినాలని ఎంత ఉందో చెప్పలేను. సాయంత్రం కాగానే నా కాళ్లు ఆ గుమ్మం వైపే పోతున్నాయి. పరీక్ష దగ్గరపడింది. జరిగిపోయిన సంగతులు ఎలా చెప్పాలో ఖాలా ఇంకా మొదలే పెట్టలేదు. "అది వచ్చే నెల చూద్దాం, ఏం ఫికర్ పడకు" అంటూ వాయిదా వేసింది. వీడియోలు చూసి నేర్చుకోవచ్చని మా ఆయన అంటున్నాడు. నేర్చుకుంటాను, తప్పదు.

నిన్న ఫోన్‌లో, "ఖాలా గురించి ఇటాలియన్‌ల చెప్పు, నీకు ప్రాక్టీస్ అయితది" అన్నాడు. నాకు వచ్చింది వర్తమానకాలం ఒక్కటే. అందులోనే చెప్పాను.

ఖాలా ఇంట్లో ఉంది. తల దువ్వుకుంటోంది. కిటికీలోంచి నన్ను పిలుస్తోంది.