మేనేజరు ముందు మా ఆవిడ లేచి నిలబడింది

ఈ రోజు ఫరీదాబాద్‌లో ఒక సమావేశానికి వెళ్లాం. మా ఫ్యాక్టరీ సరస్సు పక్కన కొత్తగా రంగుల అద్దకం షెడ్డు కట్టాలనుకుంటోంది. అనుమతి ఇచ్చేముందు సరస్సు మీద దాని ప్రభావాన్ని పరిశీలించాలా వద్దా అని నగర అధికారులు జనాన్ని అడగడానికి పిలిచారు. కుటుంబాలతో వచ్చి షెడ్డు కావాలని చెప్పమని మా మేనేజరు మాకు ముందే చెప్పి పెట్టాడు.

ఎవరైనా మాట్లాడతారా అని అధికారి అడగగానే నా పక్కన కూర్చున్న మా ఆవిడ సరోజ లేచింది.

"మా బోరు నీళ్లు ఆ సరస్సు ఊటే సార్. పిల్లలు తాగేవి అవే. పహలే జాంచ్ కరాయియే, షెడ్డు తర్వాత," అంది తనకొచ్చిన హిందీలో తెలుగు కలిపి, ముందు పరిశీలన చేయించండి అని.

"మీ ఆయన ఎక్కడ పని చేస్తారు బహెన్‌జీ?" అని అడిగాడు అధికారి.

"ఆ ఫ్యాక్టరీలోనే."

ముందు వరుసలోంచి మేనేజరు వెనక్కి తిరిగి నన్నే చూశాడు. అధికారి కూడా చూశాడు. "మీరేమంటారు?" అని అడిగాడు.

లేచాను. "ఆమె చెప్పిందే నా మాట కూడా సార్," అన్నాను.

పరిశీలన పూర్తయ్యేదాకా అనుమతి ఇవ్వబోమని అధికారి ప్రకటించాడు. బయట మేనేజరు నన్ను దాటిపోతూ "కల్ మిల్తే హైం", రేపు కలుద్దాం, అని మాత్రం అన్నాడు.

స్కూటర్ మీద వస్తుంటే, "తప్పు చేశానా?" అంది సరోజ. లేదన్నాను. రేపు గేటు దగ్గర నన్ను లోపలికి రానిస్తారో లేదో తెలియదు. అయినా క్యారియర్ సర్దమన్నాను. మీరైతే లేచేవారా, కూర్చునే ఉండేవారా?