పేజీ అడుగున తెగిన ఒత్తులు

సూర్యాపేటలో ఒక డిగ్రీ కాలేజీలో నేను కంప్యూటర్ పాఠాలు చెప్తాను. చివ్వెంల నుంచి రోజూ బస్సులో వచ్చిపోతాను. దారిలో ఫోన్‌లో పుస్తకాలు చదువుకోవడానికి ఒక ఉచిత యాప్ వాడేదాన్ని. దాని కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. తప్పు కనిపిస్తే ఎవరైనా సరిచేసి పంపవచ్చు. యాప్ చూసుకునేవాళ్లకు నచ్చితే కలుపుకుంటారు.

తెలుగు పుస్తకాల దగ్గర దానికో జబ్బు ఉండేది. పేజీలో అట్టడుగు వరుసకు ఒత్తులు తెగిపోయేవి. 'అమ్మ' కాస్తా 'అమ' అయ్యేది, 'అక్క' 'అక' అయ్యేది. ఇంగ్లీషు అక్షరాల ఎత్తును బట్టి వరుసలు పేర్చడం వల్ల కింద వేలాడే ఒత్తులకు చోటు మిగలడం లేదని కనిపెట్టింది నేనే. వేసవి సెలవులన్నీ కూర్చుని సవరణ రాసి పంపాను. రెండు వారాల తర్వాత మర్యాదగా తిప్పి పంపారు. నా సవరణతో అన్ని భాషల్లోనూ వరుసల మధ్య ఎడం పెరిగిపోతోందట.

ఆ బాధ నా స్నేహితురాలికి చెప్పుకున్నాను. డిగ్రీలో ఇద్దరిదీ ఒకే బెంచీ. తర్వాత నేను ఎంసీఏ చేశాను. తను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో కంప్యూటర్ పనికి కుదిరింది. కోడ్ రాయడం వీడియోలు చూసి నేర్చుకుంది. "జర నాకు పంపవే, సూస్త" అంది. తనేం చేయగలదులే అనుకునే పంపాను.

నాలుగో రోజు మధ్యాహ్నం స్టాఫ్ రూమ్‌లో అన్నం డబ్బా విప్పుతుంటే ఫోన్ చేసింది.

"ఏమే, నాది తీసుకున్నరే! గిప్పుడే మెయిల్ వచ్చింది!"

"ఎట్ల చేసినవే?"

"ఏం లేదే. ఎడం ముట్టుకోలే. ఆఖరి లైనును ఒత్తులతోని సహా కొలిచిన. పట్టకపోతే అవతలి పేజీకి నూకిన. గంతే."

నా సవరణ కోడ్ రెండు వందల వరుసలు దాటింది. తనది పదకొండు. కంగ్రాట్స్ అన్నాను గానీ అన్నం సహించక డబ్బా మూత పెట్టేశాను. ఆ సాయంత్రం మా పాత క్లాస్‌మేట్ల గ్రూపులో తనే రాసింది, ఈ తప్పును మొదట పట్టుకున్నది నేనేనని. తను గొప్పలు పోయి ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. అది కూడా చేయలేదు.

ఆ పదకొండు వరుసలను నేను చదివినంత శ్రద్ధగా ఇంకెవరూ చదివి ఉండరు. తప్పు దొరకాలని చదివాను. వారం రోజులకు దొరికింది. అక్షరాలను బాగా పెద్దవి చేసుకుంటే, కింద పట్టని వరుసను ఈ పేజీ వదిలేస్తోంది, తర్వాతి పేజీ అందుకోవడం లేదు. ఆ వరుస ఎక్కడా లేకుండా పోతోంది. దాదాపు ప్రతి పేజీకీ ఒకటి!

నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. తనకు ఫోన్ చేసి చెప్తే రెండు నిమిషాల పని. చెప్పలేదు. ఎవరో ఒకరు చూసి అందరి ముందూ అడుగుతారు, అప్పుడు తెలుస్తుంది అనుకున్నాను. రోజూ బస్సెక్కగానే ఎవరైనా ఫిర్యాదు పెట్టారేమోనని చూసేదాన్ని. మూడు వారాలు గడిచాయి. ఎవరూ పెట్టలేదు.

ఒక ఆదివారం కోదాడలో ఉన్న పెద్దమ్మను చూడ్డానికి వెళ్లాను. మా అమ్మకు అక్క. తెలుగు టీచరుగా రిటైరైంది. చూపు మందగించిందని ఆమె ట్యాబ్‌లో ఆ యాప్ వేసి, అక్షరాలు బాగా పెద్దవి చేసి ఇచ్చింది నేనే. తర్వాతి మార్పులు అందులోకి వాటంతటవే వచ్చేవి. ఎప్పుడు వెళ్లినా అది ఒళ్లో ఉండేది. ఆ రోజు టీవీ వెనకాల పెట్టి ఉంది.

"చదవట్లేదా పెద్దమ్మా?"

"మానేశానే. చదువుతుంటే మధ్యలో తెగిపోతోంది. వెనక్కెళ్లి మళ్లీ చదివినా అతకట్లేదు." టీ గ్లాసు నాకిచ్చి మెల్లగా అంది. "మా అమ్మకు కూడా ఇట్లాగే మొదలైందే. మతిమరుపు. డాక్టరుకు చూపించుకున్నాను. మీ పెదనాన్నకు చెప్పకు, కంగారు పడతాడు."

ఫ్రిజ్ మీద ఉన్న కొత్త మాత్రల పెట్టె చూపించింది. టీ గ్లాసు పక్కన పెట్టేశాను.

"నీకేం కాలేదు పెద్దమ్మా, తప్పు యాప్‌ది" అని ట్యాబ్ తెచ్చి, నా ఫోన్‌లో అదే పుస్తకం చిన్న అక్షరాల్లో తెరిచి, పోయిన వరుసలు ఒక్కొక్కటే చూపించాను. ఆమె రెండూ పక్కపక్కన పెట్టుకుని పైకి చదివింది. నాలుగో వరుసకు ఏడ్చేసింది. ఈ తప్పు నాకెప్పటి నుంచి తెలుసో మాత్రం ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

కోదాడ బస్టాండులో నిలబడే స్నేహితురాలికి ఫోన్ చేశాను.

"అయ్యో! ఎప్పుడు సూసినవే?"

"ఇయ్యాలనే" అన్నాను.

మర్నాటికల్లా సరిచేసి పంపింది. తర్వాతి ఆదివారం కోదాడ వెళ్లి, కొత్త యాప్ ట్యాబ్‌లోకి ఎక్కిందని చూపిస్తే పెద్దమ్మ అడిగింది. "ఎవరే బాగు చేసింది? నువ్వేనా?" అవుననాలని నాలుక చివరిదాకా వచ్చింది. మిర్యాలగూడలో నా ఫ్రెండ్ అన్నాను. ఫోన్ కలపమంది. "నా ప్రాణం నిలబెట్టావమ్మా" అని పెద్దమ్మ అంటుంటే పక్కన కూర్చుని విన్నాను. అప్పుడు కూడా నా కడుపు మండింది.

నెల తర్వాత మిర్యాలగూడ వెళ్లినప్పుడు మిల్లు దగ్గరి హోటల్లో నిజం చెప్పేశాను.

"పెద్దమ్మ గోలీలు గూడ మింగింది గదనే. జెప్తే ఏం పోతుండె నీకు?" అని లేచి వెళ్లిపోయింది.

పది రోజులు ఫోన్ ఎత్తలేదు. పదకొండో రోజు తను రాసిన కొత్త సవరణ ఒకటి వచ్చింది, "పంపకముందే సూడు" అన్న ఒక్క ముక్కతో.

అప్పటి నుంచి తను ఏది రాసినా ముందు నేను చూడాల్సిందే. ఏదన్నా తప్పు దొరికితే నాకు ఇంకా లోపల సంతోషమే వేస్తుంది. కానీ అదే గంటలో ఫోన్ చేసి చెప్తున్నాను.