ఎర్ర గీత కనబడినప్పుడల్లా

కాలు విరిగి కట్టు వేయించుకున్న నా కూతురిని ఆఫీసువాళ్ళు ఇంటి నుంచే పని చేసుకోమన్నారు. కనెక్షన్‌తో ఏ ఇబ్బందీ రాకూడదన్నది ఒక్కటే షరతు. వస్తే కలకత్తా ఈ చివరున్న మా గార్డెన్ రీచ్ నుంచి ఆ చివర ఆఫీసున్న సాల్ట్ లేక్ దాకా, ఆ కాలుతోనే, బస్సులు మారి వెళ్ళాలి.

ఆ కనెక్షన్ కోసం వాడే వీపీఎన్ అంటే ఏమిటని అడిగాను. "ఇక్కడ్నించి మా ఆఫీసుకి సొరంగం లాంటిదమ్మా. అందులో ఏటి పంపినా బయటోళ్ళకి కనబడదు" అంది. లాప్‌టాప్‌లో ఒకటి, అది మొరాయిస్తే ఉంటుందని పాత ట్యాబ్‌లో ఒకటి పెట్టుకుంది. పాస్‌వర్డు కాగితాన్ని బీరువా తలుపుకి లోపలివైపు అంటించింది.

నాకు అక్షరాలు వచ్చింది యాభై ఎనిమిదో ఏట. తెలుగు మా తెలుగు సంఘం హాల్లో ఒక టీచరమ్మ నేర్పింది, ఇంగ్లీషు అక్షరాలు నా కూతురు నేర్పింది. తప్పు రాస్తే టీచరమ్మ ఎర్ర గీత కొడుతుంది. సరిగ్గా వచ్చేదాకా మళ్ళీ రాయాల్సిందే.

ఆ మధ్యాహ్నం నా కూతురు నొప్పి మాత్ర వేసుకుని నిద్రపోతోంది. నేర్చుకున్న ఇంగ్లీషు అక్షరాలు నొక్కి చూద్దామని నేను ట్యాబ్ తీసుకుని, బీరువా తలుపు తెరిచి, కాగితం చూస్తూ ఒక్కో అక్షరమే వెతికి నొక్కాను. నొక్కినవన్నీ చుక్కలైపోయాయి. చివర్లో ఎర్ర గీత, దాని కింద ఏదో ఇంగ్లీషు. అది చదివేంత చదువు నాకు లేదు. తప్పు రాశానని మాత్రం తెలిసింది. మళ్ళీ రాశాను. మళ్ళీ ఎర్ర గీత. నాకు పట్టుదల వచ్చేసింది. ఎన్నోసారికో రాసే గడి కూడా మాయమైంది. ట్యాబ్‌ని కొంగుతో తుడిచి, ఎక్కడిది అక్కడ పెట్టేశాను.

నాలుగింటికి నా కూతురికి మీటింగు. లాప్‌టాప్‌లో వీపీఎన్ కలవలేదు. రౌటర్ ఆపి మళ్ళీ వేసింది, ఫోన్ నెట్‌తో చూసింది, వీపీఎన్‌నే తీసేసి మళ్ళీ ఎక్కించింది. చివరికి మా వీధికి ఇంటర్నెట్ తీగలు లాగే దాదాని పిలిచింది; ఇక్కడ అన్నయ్యని దాదా అంటారు. పెద్దాయన, మోకాళ్ళ మీద వంగి తీగలన్నీ చూశాడు.

"దీదీ, లైన్ ఠీక్ ఆఛే."

"లైన్ బాగుంటే నాకెందుకు రాదు దాదా? మొన్న నువ్వే ఏదో కెలికి పోయావ్!"

ఆయన మళ్ళీ వంగి తీగలు సర్దాడు. నేను చాయ్ ఇచ్చాను, ముఖం చూడకుండా.

ఆయన వెళ్ళాక ఆఫీసు నుంచి ఫోన్. ఎవరో పదే పదే తప్పు పాస్‌వర్డు కొట్టారట, అందుకే తన వీపీఎన్ మూసేశారట. బయటివాళ్ళ పనైతే ఇంటి నుంచి పని ఇక లేదట.

కాపీ పుస్తకంలో కాగితం చింపి రాశాను: "నేనే నొక్కాను. దాదా తప్పు లేదు." బోర్డు మీద చూడకుండా నేను రాసిన మొదటి మాటలవి.

నా కూతురు కాగితాన్ని అటూ ఇటూ తిప్పింది. ఇక్కడే పుట్టిన పిల్ల, తెలుగు మాట్లాడుతుంది గానీ చదవలేదు.

"ఏటిదమ్మా? ఇప్పుడా నీ హోంవర్కు? నువ్వే సదువు."

చదివాను. రెండు ముక్కలు చదవడానికి చాలాసేపు పట్టింది.

"ఆయన్ని నేనన్ని మాటలంటుంటే, పక్కనే నిలబడి చాయ్ ఇచ్చావా?"

తప్పు నొక్కినందుకు ఒక్క మాట అనలేదు. ఆఫీసుకి ఫోన్ చేసి, "మా అమ్మ నొక్కేసింది" అని చెప్పింది. అవతల ఎవరో నవ్వారు. ఈసారికి వదిలేశారు. దాదాకి కూడా ఫోన్ చేసి తనే క్షమించమంది.

ఆయన ఇప్పటికీ మా మెట్ల దగ్గర ఎవరింటికో తీగ లాగుతూ కనబడతాడు. బాగున్నారా మాషీ అని, పిన్నిని పలకరించినట్టు అంటాడు. బాగున్నానంటాను. ఆ కాగితంలో రాసింది ఆయనకి మాత్రం నా నోటితో ఇంకా చెప్పలేదు.