లాగ్‌బుక్కులో మూడు వాక్యాలు

మా పక్క క్వార్టరులో ఇరవై రెండేళ్లు నివసించిన ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియను గత నెల కన్నుమూశారు. ఉదయం ఆయన భార్య ఫోను చేసి, "మీ శిష్యుడు ఎలిపోయేరు మేస్టారూ" అన్నారు. మా ఇద్దరిలో ఎవరు ఎవరికి శిష్యులో చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

బస్తర్ కొండల్లో ఇనుపరాయి తవ్వకం ముమ్మరంగా సాగిన రోజులవి. ఆరవేసిన పంచె సాయంత్రానికి కావిరంగు తిరిగేది. నేను టౌన్‌షిప్పు బడిలో తెలుగూ సంస్కృతమూ చెప్పేవాణ్ని. ఆయన గనికి కరెంటు అందించే పవర్‌హౌస్‌లో పనిచేసేవారు. విజయనగరం వైపునుంచి రైలుమార్గం పనులకు వచ్చి స్థిరపడిన క్రైస్తవ కుటుంబం వారిది. బాయిలరులో నీరెంత, ఆవిరి ఒత్తిడి ఎంత అని కంట్రోల్ రూముకు తెలియజేసే మీటర్లను పరీక్షించడం, అవి తప్పు చూపితే సరిదిద్దడం ఆయన ఉద్యోగం.

ఒకసారి నేను వరండాలో కూర్చుని తర్కశాస్త్రపు తొలిపాఠం వివరించాను. కంటితో చూసినది ప్రత్యక్షమనీ, పొగను చూసి నిప్పు ఉన్నదని గ్రహించడం అనుమానమనీ చెప్పాను. ఆయన పకపకా నవ్వారు.

"మా డూటీ అంతా అదే కద మేస్టారూ! కింద మీటరు చూసి పైన నీళ్లున్నాయనుకోడం. అందుకే నాను రోజూ మెట్లెక్కి బాయిలరుకున్న గాజుగొట్టంలో నీళ్లు ఓపాలి కళ్లతో చూసొస్తాను."

"మీటరు అబద్ధం చెబుతుందా?"

"అబద్ధం చెప్పదండి. అలసిపోద్ది, అంతే."

ఏ మీటరు ముల్లునైనా వేలికణుపుతో తట్టి చూడనిదే నమ్మేవారు కారు. మా గోడగడియారం కూడా ఆ తట్టుడు తప్పించుకోలేదు. షిఫ్టు దిగి భోజనం చేశాక నా దగ్గర ఛందస్సు నేర్చుకునేవారు. గురులఘువులను వేళ్ల మీద లెక్కించే తీరులో ఎంత శ్రద్ధ ఉండేదో, అంతటి శ్రద్ధ నా విద్యార్థుల్లో నేను చూడలేదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం నేను రాసుకున్న సీసపద్యం వినిపిస్తున్నాను. మూడవ పాదంలో ఆయన చేయి ఎత్తారు.

"ఇక్కడ ఒక గణం తగ్గింది మేస్టారూ."

చూసుకున్నాను. మార్పుకోసం ఒక మాట కొట్టివేసి, దాని స్థానంలో మరొకటి పెట్టడం మరిచాను. "బాగుచేద్దామని తీసి అలాగే వదిలేసేరా!" అని నవ్వబోయిన ఆయన ముఖం హఠాత్తుగా వాడిపోయింది. చెప్పులైనా వేసుకోకుండా పవర్‌హౌస్ వైపు పరుగెత్తారు.

జరిగినది సాయంత్రం ఆయనే వచ్చి చెప్పారు. బాయిలరులో నీటిమట్టం ప్రమాదకరంగా పడిపోతే మంటను తనంతట తానే ఆర్పే రక్షణ ఒకటి ఉంటుంది. నీటిమట్టపు మీటరును పరీక్షించేటప్పుడు బాయిలరు ఊరకే ఆగిపోకుండా, ఒక తీగముక్క కలిపి ఆ రక్షణను పక్కన పెడతారు. పని ముగియగానే తీగ తీసివేయాలి. ఆ రోజు ఆయన తీయకుండానే ఇంటికి వచ్చారు. మూడు గంటలపాటు బాయిలరు కాపలా లేకుండా నడిచింది. నీరు తగ్గలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. ఆయన వెళ్లి తీగ తీసేవరకు ఎవరూ గమనించనూ లేదు.

ఈ సంగతి షిఫ్టు లాగ్‌బుక్కులో రాయబోతే, పామేడు వైపునుంచి వచ్చిన తోటి టెక్నీషియను అక్కడే వారించాడట: "ఏందన్నా, నీకేమన్న పిచ్చా? సోమవారం ప్రమోషన్ ఇంటర్వ్యూ పెట్టుకొని నీ గల్తీ నువ్వే రాస్తవా? తీగ తీసినవ్ గదా, చుప్‌చాప్ ఇంటికి పో."

ఫోర్‌మన్ పదవికోసం ఆయన తొమ్మిదేళ్లుగా ఎదురుచూస్తున్నారు. దానితోపాటు పెద్ద క్వార్టరు వస్తుందని ఇంట్లో ఆశ. "మీరేటంటారు మేస్టారూ?" అని నన్ను అడిగారు.

ఇన్ని శాస్త్రాలు చదివిన నేను, ఎవరికీ అపకారం జరగనప్పుడు మౌనం దోషం కాదన్నాను. అందుకు తగిన శ్లోకాలు కూడా వెతికి చెప్పాను. ఆయన ఓపికగా విన్నారు.

"నీళ్లు తగ్గలేదు కాబట్టి నాను మంచోణ్ణి అయిపోనా మేస్టారూ? అది నీళ్ల మంచితనం."

మరునాటి ఉదయం లాగ్‌బుక్కులో మూడు వాక్యాలు రాసి, కింద సంతకం చేశారు. "తీగ కలిపినది నేను. తీయడం మరిచినది నేను. ఇన్ని గంటలకు వచ్చి తీశాను." ఆ ఏడు ఫోర్‌మన్ పదవి వేరొకరికి దక్కింది. ఆయనకు చివరిదాకా రాలేదు.

ఆయన భార్య నన్ను క్షమించలేదు. "మీ ధర్మాలన్నీ ఆయన బుర్రలోకి ఎక్కించేరు. మా సంసారం ఈ రెండు గదుల్లోనే ఉండిపోయింది" అని గోడ అవతలినుంచి వినిపించేటట్టు అనేవారు. నేనిచ్చిన సలహా అందుకు పూర్తిగా విరుద్ధమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. పక్కనే ఉన్న ఆయన కూడా చెప్పలేదు. తలవంచుకుని చిన్నగా నవ్వేవారు. తన తప్పును అందరూ చదివే పుస్తకంలో రాసుకున్న మనిషి, నా తప్పును మాత్రం అన్నేళ్లూ కడుపులో దాచుకున్నారు.

మొన్న వారి కుటుంబాన్ని ఓదార్చడానికి జరిపిన ఆదరణ కూడికకు వెళ్లి, ప్రార్థన ముగిశాక ఆమెకు నిజం చెప్పాను. ఆమె చేతిలోని పాటల పుస్తకం మూసి పక్కన పెట్టారు.

"అయితే ఇన్నేళ్లూ తిట్టకూడని దానికి తిట్టేను. తిట్టవలసిన దానికి తిట్టలేదు" అన్నారు. తరువాత కళ్లు తుడుచుకుని, "కూకోండి, టీ తాగి ఎల్దురుగాని" అన్నారు.

ఆనాడు వారించిన పామేడు మిత్రుడు ఇప్పుడు షిఫ్టు ఇన్‌ఛార్జి; కూడికకు వచ్చిన అతనే నన్ను కంట్రోల్ రూముకు తీసుకుపోయాడు. మీటర్లున్న గోడ పక్కన వరుసగా నాలుగు మేకులు ఉన్నాయి. లాగ్‌బుక్కులో రాసిన ఆ శనివారమే మా టెక్నీషియను వాటిని కొట్టారట. రక్షణను పక్కన పెట్టి పనిచేసేవాడు తన బండి తాళంచెవిని అక్కడ తగిలించి వెళ్లాలి. తీగ తెచ్చి ఇన్‌ఛార్జికి ఇస్తేనే తాళంచెవి చేతికి వస్తుంది. అప్పుడు సైకిళ్లవి ఉండేవి, ఇప్పుడు మోటారుసైకిళ్లవి. ఆ పద్ధతి ఎవరు పెట్టారో అక్కడి కుర్రవాళ్లకు తెలియదు.

షిఫ్టు ముగిసింది. అందరూ ఇళ్లకు వెళుతున్నారు. రెండవ మేకుకు ఒక తాళంచెవి ఇంకా వేలాడుతున్నది. పైన ఎక్కడో ఇనుపమెట్ల మీద, తొందరపడకుండా దిగివస్తున్న అడుగుల చప్పుడు వినిపించింది.