గడప లేని గది

దయ్యాలు, గాలీ ధూళీ అంటే నవ్వేదాన్ని నేను. పదో తరగతితో చదువు ఆపేసినా ఆ విషయంలో మాత్రం నన్నెవరూ భయపెట్టలేకపోయారు. దీపాలు పెట్టే వేళ జుట్టు విరబోసుకోవద్దని మా అమ్మ అంటే, కావాలనే వీధిలో నిలబడి దువ్వుకునేదాన్ని. ఇప్పుడు చెప్పేది దయ్యం సంగతి అని కూడా అనడం లేదు. ఏమనాలో తెలియకే రాస్తున్నాను.

తిరుపతిలో మేముండే ఇంటిని ఓనరు స్టూడియో ఫ్లాట్ అంటాడు. అంటే ఒకటే పెద్ద గది. ఒక మూల వంటగట్టు, ఇంకో మూల బాత్రూం. మా ఆయన లాడ్జిలో రిసెప్షన్ చూస్తాడు. నేను కిటికీ పక్కన మిషను వేసుకుని జాకెట్లు కుడతాను. మా ఇద్దరికీ అది చాలు.

వడమాలపేట నుంచి మా అత్త కంటి ఆపరేషనుకు వచ్చింది. ఒక కన్ను అయింది, రెండోది కావాలి. అందాకా మా దగ్గరే ఉండాలి. కొత్తగా పెళ్లయినవాళ్ల గదిలో తానెలా పడుకుంటానని మొదటిరోజే చాప చంకన పెట్టుకుని బయటి వరండాలోకి నడిచింది.

"లోపల ఉక్కపోత మ్మే. ఈడైతే గాలి బాగా వస్తాది" అంది.

లోపల రెండు ఫ్యాన్లున్నాయి. ఆమె బాధ ఉక్కపోత కాదని నాకు తెలుసు. వరండా చివర అందరూ వాడుకునే బాత్రూం ఒకటి ఉండటంతో ఆమె మా తలుపు కూడా తట్టేది కాదు. ఎదురింటామె మాత్రం అత్తను బయట పడేసిన కోడలిలా నన్ను చూసేది.

ఇంతలో వానలు పట్టుకున్నాయి. జల్లు నేరుగా వరండాలోకి కొట్టేది. కంటికి నీళ్లు, దుమ్ము తగలకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. చీము పడితే ఉన్న చూపు కూడా పోతుందట. నాకు వేరే ఆలోచన లేకుండా పోయింది. గది మధ్యలో అడ్డం కట్టించేస్తే కిటికీ వైపు మాకు బెడ్‌రూం, వాకిలి వైపు ఆమెకు హాలు అవుతుంది.

ఇటుకలు వద్దు, టైల్సు పగలకూడదు అని ఓనరు షరతు పెట్టాడు. వడ్రంగి మునిరత్నం అన్న ప్లైవుడ్‌తో కడతానన్నాడు. ద్వారబంధం మాత్రం, పడగొట్టిన ఇళ్ల కలప అమ్మే అంగట్లో పాతది తెచ్చాడు. మంచి టేకు, కింద గడపతో సహా ఉంది. ఆ గడపను మా ఇంటికి తెచ్చాక రంపం పెట్టి కోసేశాడు.

"లోపలి తలుపుకు గడప యాడన్నా పెడతారా పాపా? మీ అత్తకు సూపే సరిగా లేదు. తట్టుకొని బోర్లా పడితే నన్నే తిడతారు" అన్నాడు.

నిజమే కదా అనిపించింది. కోసిన ముక్కను మిద్దె మీద నీళ్ల ట్యాంకు పక్కన పడేశాం.

గోడ లేచింది. హాల్లో ఆమెకు పరుపు వేశాను. ఆమె వచ్చి ద్వారబంధాన్ని తడిమి, వంగి కింద కూడా తడిమి చూసింది.

"ఇది గది యాడయింది? తెర కట్టినట్టుండాది. గడప లేకుంటే అంతా ఒకటే గది" అని మళ్లీ చాప చుట్టుకుంది.

"మా, గడప కోసం కన్ను పోగొట్టుకుంటావా?" అన్నాడు మా ఆయన.

"నా కన్ను నా ఇష్టం, పోరా!"

ఆ శుక్రవారం తెల్లవారాక నేను బెడ్‌రూం తలుపు తీశాను. ద్వారబంధం రెండు కాళ్ల మధ్య, వట్టి టైల్సు మీద, ఈ చివర నుంచి ఆ చివర దాకా పసుపు పూసి ఉంది. మీద కుంకుమ బొట్లు. అడుగు వేయబోయి ఆగిపోయాను.

అత్త పనే అనుకున్నాను ముందు. కానీ వాకిలి గడియ నేను వేసింది వేసినట్టే ఉంది. నేను తీసేసరికి ఆమె వరండాలో కంటికి మూతతో నిద్రపోతోంది. పైగా మామ పోయినప్పటి నుంచి ఆమె పసుపు కుంకుమల జోలికే పోదు, ఎంత చెప్పినా వినదు. ఇక మా ఆయనంటారా, పసుపు డబ్బాకీ కారం డబ్బాకీ తేడా తెలియని మనిషి.

ఇంకొక్క మాట. మా ఇంట్లో ఉండేది ప్యాకెట్ పసుపు, మెత్తటి పొడి. అక్కడున్నది కొమ్ము అరగదీసిన ముద్ద. గరుగ్గా, పచ్చి వాసన వేస్తోంది. మా ఇంట్లో కొమ్మూ లేదు, అరగదీసే రాయీ లేదు.

అత్త చూసి పకపకా నవ్వింది. "బలేదానివి మ్మే, గడప లేకపోయినా పసుపు పూసినావే!"

"నేను కాదత్తా, ఒట్టు" అన్నా నమ్మలేదు. తడిగుడ్డతో ఎంత తుడిచినా పచ్చటి మరక పోలేదు.

మా వైపు గడపకు మంగళవారం, శుక్రవారం పసుపు పూస్తాం. మంగళవారం ఉదయం మళ్లీ ఉంది. మరక మీదే కొత్తగా, తడి ఆరకుండా. ఈసారి తుడవలేదు.

కోసిన గడపను తిరిగి పెట్టమని మునిరత్నం అన్నను పిలిపించాను. ఆయన నవ్వుకుంటూ మిద్దె మీది ముక్క తెచ్చాడు. నేను దాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అన్ని వానల్లో తడిసినా చెక్క గాట్లలో పాత పసుపు అలాగే ఉంది. కింద టైల్సు మీదిది కూడా అదే వాసన.

ఇనుప పట్టీలతో బిగించడానికి దాన్ని కింద పెట్టాడు. రెండు కాళ్ల మధ్యలోదే కాబట్టి పొడవు సరిపోవడం వింత కాదు. పసుపు పూసినంత వెడల్పూ గడప వెడల్పూ కూడా సరిపోయాయి. చుట్టూ గోరంత పసుపు కూడా బయటికి కనబడలేదు. అప్పటిదాకా జోకులేస్తున్న మనిషి గడపను తాకి కళ్లకద్దుకుని పట్టీలు బిగించాడు.

ఆ సాయంత్రం జల్లు మొదలయింది. అత్త చాపతో లోపలికొచ్చి గడపను తడిమింది. "ఇప్పుడు గది" అని పరుపు మీద కాళ్లు చాపుకుంది. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

కలప అంగడికి వెళ్లి ఆ ద్వారబంధం ఏ ఇంటిదని అడిగాను. "ఎన్ని ఇండ్ల చెక్క వస్తాదో! ఏది యాడిదో నాకేం తెల్సు మా?" అన్నాడు అంగడాయన.

ఆ తర్వాత పసుపు దానంతటది ఎప్పుడూ రాలేదు. సానరాయి, పసుపు కొమ్ములు కొనుక్కొచ్చి ఇప్పుడు నేనే పూస్తున్నాను. అత్తకు రెండో కన్ను కూడా బాగైంది. కిటికీలోంచి బస్సు బోర్డులు చదివి నాకు వినిపిస్తుంది. ఆ పసుపు పూసింది నేనేనని ఆమె ఇప్పటికీ గట్టిగా నమ్ముతుంది. కాదని చెప్పి చెప్పి విసిగిపోయాను.

ఎవరు పూశారో నాకు ఈరోజుకీ తెలియదు. ఇది రాస్తున్నప్పుడు కూడా గడప అవతల, హాల్లో మా అత్త మధ్యాహ్నం నిద్రలో ఉంది. ఆమె గురకకు ప్లైవుడ్ గోడ సన్నగా అదురుతోంది.