నడిమి పొర లెక్క

పోయినవి ముందు చెబుతాను. ఒకామె రెండేళ్ళ చదువు. ఆమె తన చేత్తో కట్టుకున్న యంత్రం. తన మీద తనకున్న నమ్మకం. మూడూ నా వల్లే పోయాయి. ఈ తప్పును ఇన్నేళ్ళు మోసి విసిగిపోయాను. మీకు చెప్పేస్తున్నాను.

నాకు బడి చదువు లేదు. నారాయణఖేడ్ మార్కెట్లో కందుల లెక్కలు చూస్తూ కూడికలు, హెచ్చవేతలు సొంతంగా నేర్చుకున్నాను. ఎనభైల్లో హైదరాబాదు నుంచి ఒక పరిశోధక విద్యార్థిని వచ్చి, బస్సు డిపో వెనక గది తీసుకుంది. నాగల్‌గిద్ద వైపు బావుల బురదనీళ్ళలో పటిక వేస్తే మట్టి రేణువులు ఎలా ముద్దకడతాయో కొలవాలట. నీటిబొట్టు గుండా లేజర్ వెలుగు పంపి, ఫొటో తీసినట్టు గాజుపలక మీద పట్టేది. ఆ పలకలోంచి అదే వెలుగు మళ్ళీ పంపితే, బొట్టు బొమ్మ మొత్తం లోతుతో సహా గాలిలో నిలిచేది. లెక్కలొచ్చినవాణ్ణని నన్ను పనికి పిలిచింది. సూక్ష్మదర్శినిని కొద్దికొద్దిగా దించుతూ, పొర తర్వాత పొర ముద్దలు లెక్కపెట్టడం నా పని.

అబ్బ, ఎంత విసుగు! ప్రతి నలుసు చుట్టూ వలయాలే. ఒక పొరలో స్పష్టంగా కనిపించిన ముద్ద కింది పొరలో మసకగా మళ్ళీ ఎదురయ్యేది. లెక్కేశానా, లేదా? మళ్ళీ మొదటికి. బస్తా నడుమ గొట్టం గుచ్చి, వచ్చిన గుప్పెడు గింజలు చూసి బస్తా అంతటికీ ధర కట్టే చోట పెరిగినవాణ్ణి. ఇక్కడా అదే చేశాను. నడిమి పొర ఒక్కటే లెక్కపెట్టి, పొరల సంఖ్యతో హెచ్చవేశాను.

“అన్నా, అన్ని పొరలు చూసినవా?” అని ఆమె ఒకనాడు అడిగింది.

“చూసిన మేడం. ఒక్కటి ఇడిసిపెట్టలే.”

“మరి పటికేసిన నీళ్ళ గ్లాసుల అడుగుకు మడ్డి మంచిగ పేరుకుంటుంది. నీ లెక్కల ముద్దలే కనవడ్తలేవు. ఏందీ పరేషాన్?”

“నన్నడుగుతవేంది? నీ లేజర్ డబ్బనే అడుగు.”

“డబ్బకు నోరుంటే నిన్నెందుకు పిలుస్త?” అని నవ్వింది.

నేనూ నవ్వాను. అప్పుడే తట్టింది. ముద్దకట్టిన మట్టి బరువెక్కి అడుగుకు దిగుతుంది. బస్తాలో కందులు దిగవు. నడిమి పొరలో ఇక ఏం మిగులుతాయి? అప్పుడైనా చెప్పొచ్చు కదా? చెప్పలేదు. లెక్కల మనిషినన్న పేరు పోతుందని భయం.

ఆమె యంత్రాన్ని అనుమానించింది. అద్దాలు విప్పి మళ్ళీ బిగించింది. కొత్త పలకలు పట్టింది. వాటినీ నేను అలాగే లెక్కపెట్టాను, ఎందుకంటే ఇప్పుడు సరిగ్గా లెక్కపెడితే పాత అబద్ధం బయటపడుతుంది. అంతా తెలిసే చేశాను. చివరికి ఉన్న ముద్దల్నే చూపలేని యంత్రం పనికిరాదని యూనివర్సిటీ పరీక్షకులు తేల్చారు. ఆమె దాన్ని ఊడదీసి, పలకలు పారేసి, చదువు మానేసింది.

క్షమించమని అడగను. ఎవరిని అడగాలి? చెప్పాను, గుండె కాస్త తేలికపడింది, అంతే. యంత్రం సరైనదే. ఆ బొట్లలో ముద్దలెన్ని? ఆ ఒక్క అంకె నేను ఆమెకు బాకీ. ఇవాళ్టికీ అది నా దగ్గర లేదు.