పాడ్యమి పూట చేపల పులుసు

ఆ రోజుల్లో నాకు తెలిసినవి రెండే రుతువులు. పరీక్షలుండే కాలం ఒకటి, లేని కాలం ఒకటి. ఆత్మకూరులో ఒక ప్రైవేటు బడిలో సోషల్ టీచరుగా చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. శరదృతువు ఏ నెలల్లో వస్తుందో ఆరో తరగతి పిల్లల చేత బట్టీ పట్టించేదాన్ని గానీ, ఆ నెలల్లో ఏం తినాలో, ఏం తినకూడదో పట్టించుకున్న పాపాన పోలేదు. అవన్నీ ఇంట్లో పెద్దవాళ్ళు చూసుకునే సంగతులు, మనం కంచం ముందు కూర్చుంటే చాలు అనుకునేదాన్ని. (ఇప్పుడు ఆశ్వయుజం వెళ్ళకముందే ఉసిరికాయల కోసం మార్కెట్టంతా తిరిగే మనిషిని నేను. అప్పటి నన్ను ఇప్పటి నేను వంటపనికి కూడా పెట్టుకోను.)

మాది ఉదయగిరి దగ్గర కొండకింద పల్లె. జీవాలు మేపుకునే ఇల్లు. ఇంట్లో గొర్రెల లెక్క నాయనది, మనుషుల లెక్క మా మేనత్తది. ఆమె నాయనకు అక్క. మొగుడు పోయినాక పుట్టింటికి వచ్చి పొయ్యి దగ్గర కూర్చున్న మనిషి, మళ్ళీ అక్కడినుంచి లేవలేదు. అందరికీ వండేదీ ఆమే, వడ్డించేదీ ఆమే. ఎవరు ఎంత తిన్నారో, ఎవరు కూర పక్కకు నెట్టారో కూడా ఆమెకు తెలిసిపోయేది. అందుకే ఇంట్లో పిల్లలం చాటుగా ఆమెను తాసీల్దారు అనేవాళ్ళం. ఆ ఏడు దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు తాసీల్దారు నా జబ్బ పట్టుకుని చూసి, నాయనతో తేల్చి చెప్పేసింది.

"ఇది వండుకుంటా లేదురా. హోటలు కూడు తింటా ఉండాది. ఒంటరిగా ఉండేదానికి నేను అడ్డం రాలేదు. కూడన్నా వండుకోలేనిది ఆడ ఎందుకుండాల? దీపావళి అయినాక పోయి చూద్దాం. పొయ్యి వెలగతా ఉంటే సరి, లేకుంటే పెట్టె సర్దుకుని వచ్చేదే."

నాయన అక్క మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు. పెట్టె సర్దుకుని వచ్చేస్తే తర్వాత ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ఇంట్లో రెండు సంబంధాలు అప్పటికే చూసి పెట్టారు. నాకేమో ఆ ఉద్యోగం ప్రాణం. నలభైమంది పిల్లలు ఒక్కసారిగా లేచి నిలబడి "గుడ్ మార్నింగ్ టీచర్" అంటుంటే నాకు కలిగే సంతోషం ఇంతా అంతా కాదు. ఇక నా పొయ్యి సంగతి. గ్యాసు పొయ్యి కొన్నాను, నిజమే. దాని మీద పాలు కాచేదాన్ని, అవీ సగంసార్లు పొంగిపోయేవి. రెండు పూటలా భోజనం మాత్రం బస్టాండు వెనక ఉన్న మెస్సులోనే. (ఇది ఇంట్లో ఎవరికీ చెప్పలేదని వేరే చెప్పాలా?)

వాళ్ళు దీపావళి మర్నాడు, ఆదివారం వస్తామని కబురు పెట్టారు. ఏం వండాలి? మటన్ వండితే తాసీల్దారు మొదటి ముద్దకే తప్పులు పట్టేస్తుంది. పుట్టినప్పటినుంచి పొట్టేళ్ళ మధ్య బతికిన మనిషి. అప్పుడు నాకొక గొప్ప ఆలోచన తట్టింది. మా కొండపక్క చేపలు వండేది తక్కువ. చేపలు వండితే ఆమెకు తప్పు పట్టడం తెలియదు. పైగా సోమశిల డ్యాము నిండి ఉన్న రోజులు, పొద్దున్నే మోపెడ్ మీద బొచ్చెచేపలు వీధిలోకే వచ్చేవి. మా ఓనరమ్మది నెల్లూరు. చేపల పులుసు ఎలా పెట్టాలో ఆమె వరండాలో కూర్చుని నాకు గంటసేపు పాఠం చెప్పింది, మట్టిచట్టి అరువిచ్చింది, మామిడికాయల కాలం కాదు కాబట్టి ఎండబెట్టిన మామిడి ముక్కలు కూడా గుప్పెడు ఇచ్చింది. ఇచ్చి, కూతురి దగ్గరికి పండక్కి పోతూ పోతూ గేటు దగ్గర ఆగి ముఖ్యమైన మాట చెప్పింది.

"ఇదిగో, వండిన రోజే తినేసేవు. చేపల పులుసంటే ఈ రోజు వండి రేపు తినాల. ముక్కకు పులుపు పట్టాల గదా. రాత్రంతా చట్టిలో వదిలెయ్, కదిలించొద్దు."

ఆ మాట తు.చ. తప్పకుండా పాటించాను. ఊరంతా టపాకాయలు కాల్చుకుంటుంటే నేను పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా చింతపండు పిసుకుతూ, నోట్‌బుక్కులో రాసుకున్నది చదువుకుంటూ, ఒకటిన్నర కిలో చేపను చట్టిలోకి చేర్చాను. ఒక్క ముక్క విరగలేదు. నూనె పైకి తేలింది. ఆ రంగు, ఆ వాసన చూసి ఇది నేనే చేశానా అని నాకే నమ్మకం కుదరలేదు. రుచి చూద్దామని చెయ్యి పోయింది గానీ, ఓనరమ్మ మాట గుర్తొచ్చి ఆగాను. రేపు తినాల్సింది రేపే తినాలి.

ఆదివారం తుంపర పడుతోంది. బస్టాండులో ఉదయగిరి బస్సు ఆగింది. ముందు నాయన దిగాడు, వెనక తాసీల్దారు దిగింది. నుదుటిన విభూతి, ఇంకా ఆరని జుట్టు, చేతి సంచిలో ఉసిరికాయలు. నన్ను చూసి చెప్పిన మొదటి మాట ఇది.

"చీకటితోనే తలకు పోసుకుని దీపం పెట్టి వచ్చినానే. కార్తీకం వచ్చె గదా. ఇంక నెల్లాళ్ళు మన ఇంట్లో నీసు లేదు. నువ్వు కూడా పోసుకున్నావా తలకు?"

నా ఫోన్లో ఆ రోజు ఆదివారం అని మాత్రమే ఉంది. పాడ్యమి అని లేదు. దీపావళి మర్నాడు కార్తీకం మొదలవుతుందని ఎనిమిదేళ్ళ పిల్లకు కూడా తెలుసు, నాకూ తెలుసు. కానీ ఒకటిన్నర కిలో చేప కొంటున్నప్పుడు తెలియలేదు. ఈ నేలమీద చేపల పులుసు మర్నాడు తినాలన్న సంగతి ఇంత శ్రద్ధగా పాటించి, ఆ మర్నాడు ఏ రోజో చూసుకోని మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను. నిన్న వండి నిన్ననే తిని ఉంటే నాకైనా ఒక పూట భోజనం దక్కేది.

"మీరు కాఫీ తాగుతా ఉండండి నాయనా, నేను పోయి ఇల్లు ఊడ్చేస్తాను" అని వాళ్ళను టీ అంగడి దగ్గర కూర్చోబెట్టి ఇంటికి పరుగెత్తాను. తలుపు తీయగానే పులుసు వాసన ఎదురొచ్చింది. ఓనరమ్మ చెప్పింది నిజమే, రాత్రికి రాత్రి ఎంతో బాగైంది. చట్టిని తీసుకుపోయి పెరట్లో బాత్‌రూంలో బకెట్లో పెట్టి, దానిమీద ఇంకో బకెట్టు బోర్లించాను. ఇంట్లో కిటికీలు తెరిచి, ఒక ప్యాకెట్టు అగరుబత్తులు మొత్తం వెలిగించాను. వాళ్ళు వచ్చేసరికి ఇంట్లో మనిషికి మనిషి కనబడడం లేదు.

తాసీల్దారు గడపలో ఆగి గట్టిగా ఊపిరి పీల్చింది.

"ఏందే ఇంత ధూపం, గుడి గానీ కట్టినావా?" అంది గానీ మొహంలో సంతోషం కనిపించింది. "సరే, ఏం వండినావు?"

ఇక్కడ నేను ఇరుక్కున్నాను. వండాను అంటే చేపలు బయటపడతాయి. కార్తీకం వచ్చిన సంగతి కూడా తెలియని పిల్ల ఊళ్ళో ఒంటరిగా ఉంటుందా అని పెట్టె సర్దిస్తారు. వండలేదు అంటే ఆమె ముందే అన్న మాట నిజమైపోతుంది, అప్పుడూ పెట్టె సర్దిస్తారు. జీవితంలో మొదటిసారి వంట కుదిరితే, అసలు వండనేలేదని చెప్పుకోవాల్సిన గతి పట్టింది.

"ఇంకా ఏం వండలేదత్తా" అన్నాను.

ఆమె డబ్బాలన్నీ వరసగా మూతలు తీసి చూసింది. కందిపప్పు ప్యాకెట్టు విప్పలేదు. మిరియాలు కొన్న పొట్లం కొన్నట్టే ఉంది. మిక్సీ జారు మీది స్టిక్కరు కూడా పోలేదు. మూత పెట్టిన ప్రతిసారీ ఒక నిట్టూర్పు. "కాళ్ళు కడుక్కుని వచ్చి నేనే వండతాను పో" అని పెరటివైపు కదిలింది. నేను తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

"బాత్‌రూంలో కొళాయి రిపేరత్తా. ముందర కొళాయి దగ్గర కడుక్కో, రా."

ఆమెను ముందుకు తీసుకుపోయి నీళ్ళు తిప్పుతున్నాను. వెనక్కి చూస్తే నాయన కనిపించలేదు. పెరటి తలుపు తీసి ఉంది. అయిపోయిందనుకున్నాను. కాసేపటికి నాయన తువ్వాలుతో మీసాలు తుడుచుకుంటూ వచ్చాడు. నావైపు చూడనైనా చూడలేదు.

"అక్కా, నాకు ఆకలేస్తా ఉండాది. ఇప్పుడు నువ్వు పప్పు ఎప్పుడు నానబెట్టాల, ఎప్పుడు ఉడికించాల? హోటలుకు పోదాం పా."

"కార్తీకంలో హోటలుకా? ఎవరెవరి చేతి కూడో!"

"శాకాహారం మెస్సు ఉందత్తా, ఉల్లి వెల్లుల్లి కూడా వెయ్యరు" అన్నాను నేను వెంటనే. అలా అన్నాక, ఈ సంగతి నాకెలా తెలుసో అడుగుతుందేమోనని భయం వేసింది. ఆమె అడగలేదు. అడగాల్సిన అవసరం కూడా రాలేదు. మెస్సులో అడుగు పెట్టగానే, అందరం సాంబారన్న అని పిలిచే వడ్డించే ఆయన పెద్ద గొంతుతో పలకరించాడు.

"రా టీచరమ్మా! రోజూ కూర్చునే బెంచీ ఖాళీగానే ఉండాది. రాత్రి రాలేదే, ఒంట్లో బాలేదా?"

తాసీల్దారు నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. నాయన గోడమీది దేవుడి పటాన్ని శ్రద్ధగా చూస్తున్నాడు. నేను మనసులోనే పెట్టె సర్దుకోవడం మొదలుపెట్టాను. చీరలు అడుగున, పుస్తకాలు పైన.

ఆకులు వేశారు. ఆమె బెంచీ అంచు మీద కూర్చుంది, ఏ క్షణానైనా లేచేలా. కందగడ్డ వేపుడు, వంకాయ కూర, ఉసిరికాయ పచ్చడి, పప్పు, వేడన్నం వచ్చాయి. మొదటి ముద్దకు వంకాయలో కారం తక్కువంది. రెండో ముద్దకు ఏమీ అనలేదు. పక్క బల్లమీంచి ఎవరో "రసం!" అని కేకేశారు. ఆ కేకకు ఆమె ఎడమచెయ్యి బల్లమీద ఆనించి సగం లేచింది. లేచి, చుట్టూ చూసి, సాంబారన్న రసం బకెట్టుతో పోతుంటే మళ్ళీ కూర్చుంది. నాకు నవ్వొచ్చింది. నాయనకు మాత్రం రాలేదు, ఆయన తినడం ఆపాడు.

సాంబారన్న తిరిగి వస్తూ ఆమె ఆకు దగ్గర ఆగాడు. "ఇంకొంచెం పప్పు వెయ్యనా పెద్దమ్మా?"

ఆమె వెనక్కి తిరిగి చూసింది, ఎవరిని అడుగుతున్నాడా అని. వెనక గోడ తప్ప ఎవరూ లేరు.

"నిన్నే పెద్దమ్మా. ఏమీ తిన్లేదే నువ్వు. నెయ్యి కూడా వేసుకో."

ఆమె వద్దనలేదు, కావాలనలేదు. ఆయనే వేశాడు. పచ్చడి మళ్ళీ తెచ్చాడు, కంద మళ్ళీ తెచ్చాడు, వచ్చిన ప్రతిసారీ అడిగాడు. అది ఆయన పని, రోజూ రెండువందలసార్లు అనే మాట. నేను అన్ని నెలలూ ఆ మాట వింటూ, పుస్తకం చూసుకుంటూ తలూపిన దాన్ని. తాసీల్దారు మజ్జిగ దాకా వచ్చి, ఆకు మీద చెయ్యి అలాగే ఉంచి, మెల్లిగా అంది.

"నలభై ఏండ్లు అయిందిరా నేను పొయ్యికాడ కూర్చుని. ఇంకొంచెం పెట్టనా అని నేను అడిగిందే గానీ, నన్ను అడిగినోళ్ళు ఒక్కరూ లేరు."

ఫిర్యాదులా అనలేదు. వంకాయలో కారం తక్కువ అన్నట్టే అంది. నాయన తల ఎత్తలేదు. ఆ నలభై ఏళ్ళలో ఇరవై ఏళ్ళపైన ఆమె చేతి కూడు తిన్నదాన్ని నేను. వడ్డించాక ఆమె ఎప్పుడు తినేదో, ఆమెకు ఏ కూర ఇష్టమో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. చాలా సిగ్గేసింది.

చెయ్యి కడుక్కుని వచ్చి ఆమె సాంబారన్నకు దగ్గరగా పోయి, "వంకాయలో ఇంకొంచెం కారం వెయ్ నాయనా, తక్కినవి బాగుండాయి" అని చెప్పింది. నావైపు తిరిగి తీర్పు కూడా అక్కడే ఇచ్చేసింది.

"ఈడ్నే ఉండు. చదువు చెప్పుకో. వంటకేముంది, ఎప్పుడో ఒకప్పుడు అదే వచ్చుద్ది. అడిగి పెట్టేవాళ్ళు ఉన్నప్పుడు తినాల."

సాయంత్రం బస్సెక్కించాను. అత్త కిటికీ పక్క సీటు పట్టుకుంది. నాయన మెట్టుమీద ఒక కాలు పెట్టి, నాకు మాత్రమే వినబడేట్టు అన్నాడు.

"బకెట్టు మీద బకెట్టు బోర్లించే తెలివుండాది గానీ, క్యాలెండరు చూసే తెలివి లేదు నీకు. పులుపు ఒక రవ్వ ఎక్కువైంది. ఉప్పు సరిపోయింది."

"తిన్నావా నాయనా? కార్తీకంలో?"

"వాసన చూసినాలే."

వాసన చూస్తే ఉప్పు ఎలా తెలుస్తుందని అడిగేలోపు బస్సు కదిలింది. ఇంటికొచ్చి చట్టి చూస్తే తోక ముక్క లేదు. మిగిలిందంతా నేను మూడు రోజులు ఒక్కదాన్నే తిన్నాను. తిరిగొచ్చిన ఓనరమ్మను పిలిస్తే ఆమెకూ కార్తీకమేనట. ఆ పులుసు రోజురోజుకూ రుచి పెరుగుతూనే పోయింది, మెచ్చుకోవడానికి మాత్రం మనిషి లేడు.

ఇప్పటికీ ఆత్మకూరులోనే ఉన్నాను. వంట అత్త చెప్పినట్టే ఎప్పుడో ఒకప్పుడు దానంతటదే వచ్చింది. అత్తకు మోకాళ్ళు పనిచెయ్యవు. అయినా ప్రతి ఏడూ పాడ్యమికి ఉసిరికాయల సంచితో దిగుతుంది, మెస్సుకు తీసుకుపొమ్మంటుంది. సాంబారన్న జుట్టు తెల్లబడింది, వంకాయలో కారం పెరిగింది. నా దగ్గర ఉన్న మిగతా రోజుల్లో నా చేతివంటే తింటుంది. నేను పక్కన నిలబడి అడుగుతాను, "ఇంకొంచెం పెట్టనా అత్తా?" అని. మొదటిసారి అలా అడిగినప్పుడు ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఏందే, హోటలోడి మాదిరి అడగతా ఉండావు?" అంది. అంటూనే కంచం ముందుకు జరిపింది. పెట్టె సర్దుకోవాల్సి వస్తుందని వణికిపోతూ, ఒక ప్యాకెట్టు అగరుబత్తులు ఒకేసారి వెలిగించిన ఆ టీచరమ్మ గుర్తొచ్చి నాకు నవ్వాగలేదు. ఎందుకు నవ్వుతున్నానో చెప్పకుండా, గరిటెడు పప్పు ఎక్కువే వేశాను.